ఐదు చుక్కల స్తవం

ఓ ఐదు చుక్కల రేటింగా, కూకట్‌పల్లిలో ఇంటి పని పెట్టుకున్న ప్రతి మనిషీ మొదట చేతులు జోడించేది నీకే. బాత్రూమ్ గోడకు చెమ్మ పట్టినా, వంటింటి అల్మరాకు చెదలు పట్టినా, హౌసింగ్ బోర్డు కాలనీలో నాన్న కొన్న ఎల్‌ఐజీ ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలన్నా, ముందు ఫోను తీస్తాం. గూగుల్ మ్యాప్స్‌లో వెతుకుతాం, జస్ట్‌డయల్‌లో అడుగుతాం, సులేఖలో నంబరు ఇస్తాం. నంబరు ఇచ్చిన కాసేపటికే వరసగా ఫోన్లు మొదలవుతాయి. చేసిన ప్రతివాడి దగ్గరా నువ్వుంటావు. ఒకడికి నాలుగు పాయింట్ ఎనిమిది, ఒకడికి నాలుగు పాయింట్ తొమ్మిది. అనుగ్రహానికి నోచుకోనివాడంటూ లేకుండా ఇంతమందిని కరుణించిన దైవం మరొకటి లేదు. అందుకే ఈ స్తవం.

మన భాషలో ఇలాంటి స్తవానికి పాత వారసత్వమే ఉంది. భద్రాచలంలో గుడి కట్టించి, ఆ ఖర్చు కారణంగా గోల్కొండ కోటలో బందీ అయిన కంచెర్ల గోపన్న, రాముడి ఎదుట ఏ కట్టడానికి ఎంత పట్టిందో, ఏ నగకు ఎంత అయిందో వరహాల లెక్క చదివాడు. కట్టుబడి ఖర్చును దేవుడి ముందు పెట్టి నిలదీసే హక్కు మనకు ఆయన సంపాదించి పెట్టాడు. ఆ కోట కూకట్‌పల్లికి ఎంతో దూరం లేదు. నేనూ నీ ముందు లెక్క చదువుతాను. నీలో లేని గుణం ఒక్కటీ నీకు అంటగట్టను. ఉన్నవాటినే కీర్తిస్తాను.

మొదట నీ త్వరను కీర్తించాలి. దేవతలు పరీక్ష పెట్టి వరమిస్తారు. నువ్వు వరం ముందే ఇచ్చేస్తావు, పరీక్ష ఆ తర్వాత ఇంటివాళ్లకు మిగులుతుంది. పని ముగిసిన రోజు సాయంత్రం చూడాలి నీ మహిమ. సిమెంటు ఇంకా పూర్తిగా ఆరి ఉండదు, టైల్స్ సందుల్లో గ్రౌటింగ్ తడిగానే ఉంటుంది, కుర్రాడు సామాన్లు సంచిలో సర్దుకుంటూ ఫోను ముందుకు చాపుతాడు. "మేడమ్, ఒక్క ఫైవ్ స్టార్ కొట్టండి మేడమ్. మా సార్ అడుగుతాడు." ఎర్రటి ఎండలో వారం రోజులు పనిచేసిన పిల్లవాడి మొహం చూసి ఏ ఇల్లాలు మూడు చుక్కలు పెడుతుంది? ఐదూ పెడుతుంది. ఆ చుక్కలు నిజంగా ఆ పిల్లవాడి మర్యాదకు పడినవి, వాడి చెమటకు పడినవి. లెక్కలో చేరేది మాత్రం వాటర్‌ప్రూఫింగ్ కింద.

వాటర్‌ప్రూఫింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, కూకట్‌పల్లి అపార్టుమెంట్లలో పై ఫ్లాటుకూ కింది ఫ్లాటుకూ మధ్య వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం అదే కనక. బాత్రూమ్ నేల కింద పల్లంగా వదిలిన భాగంలో పైపులు పోతాయి. నేల నీళ్లు బయటికి పోయే నాహని ట్రాప్ చుట్టూ, గోడ నేలను కలిసే మూలల్లో సన్నని సందు మిగిలినా చాలు, నీరు దారి వెతుక్కుంటుంది. పని సరిగ్గా చేసే మేస్త్రీ మందు పూశాక వెంటనే టైల్స్ వేయడు. ముందు నీళ్లు నింపుతాడు. ఒకటి రెండు రోజులు అలాగే ఉంచుతాడు. నీటిమట్టం దిగిందేమో గుర్తు పెట్టుకుని చూస్తాడు, కింది ఫ్లాటు వాళ్ల తలుపు తట్టి సీలింగ్ చూసి వస్తాడు. చెమ్మ లేదని తేలాకే సిమెంటు కలుపుతాడు. ఈ పరీక్షకు రసాయనం అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. రెండు రోజుల పాటు మనుషులను ఊరికే కూర్చోబెట్టాలి, అంతే. ఆ రెండు రోజుల కూలీయే కాంట్రాక్టరుకు భారం. నీళ్లు నింపారా లేదా అని నువ్వు ఎన్నడూ అడగవు. నువ్వు అడగవు కనక నిన్ను నమ్మి వచ్చిన ఇంటివాళ్లూ అడగరు.

డాబా స్లాబుల విషయంలో నీ త్వర ఇంకా గొప్పది. స్లాబు మీద పని ఎక్కువగా మార్చి నుంచి మే దాకా జరుగుతుంది, ఎండలో మందు తొందరగా ఆరుతుందని. చుక్కలూ ఆ ఎండల్లోనే పడతాయి. వాన మాత్రం జూన్‌లో మొదలవుతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ మీద కురిసిన వాన చాలామందికి గుర్తుంది. అంతకుముందు వేసవిలో ఐదు చుక్కలు పడిన స్లాబు ఆ రాత్రి బకెట్లు పెట్టించి ఉంటే, ఆ ఇంటావిడ తెల్లారి లేచి పాత రివ్యూ మార్చాలని అనుకుంటుందా? ఇల్లు తుడుచుకుంటుంది, పరుపులు ఎండేసుకుంటుంది, కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తుంది, అతను ఎత్తడు. మే నెలలో ఇచ్చిన ఐదు చుక్కలు అక్కడే వెలుగుతుంటాయి. వాటిని చూసి నిజాంపేట నుంచో, హైదర్‌నగర్ నుంచో ఇంకో ఇంటావిడ అదే నంబరుకు ఫోన్ చేస్తుంది. ఈసారి అతను ఎత్తుతాడు.

నీ సమదృష్టినీ కీర్తించాలి. నీకు పైపూతా ఒకటే, లోపలి సరుకూ ఒకటే. మాడ్యులర్ కిచెన్ తలుపు మీద లామినేట్ రంగు బాగుంటే ఐదు. ఆ లామినేట్ కింద ఉన్నది ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డో, ఐఎస్ 303 రకమో, ఉత్త ఎండీఎఫ్ చెక్కో నీకు పట్టదు. ఐఎస్ 710 పరీక్షలో ప్లైవుడ్డును 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచుతారు, పొరలు విడిపోకూడదు. సింకు కింద, గోడకు ఆనుకుని, ఏళ్ల తరబడి తేమలో నిలబడాల్సిన పెట్టెకు ఆ గట్టిదనం కావాలి. కొటేషన్ కాగితంలో ఆ గట్టి రకం పేరుతో "బీడబ్ల్యూపీ ప్లై" అని రాసి, పనిలో ఇంకోటి బిగించినా, అంచుకు పట్టీ అంటించాక లోపల ఏముందో కంటికి కనబడదు. రెండేళ్లకు సింకు కింద పలక ఉబ్బుతుంది, బందుల మరలు ఊడిపోతాయి. అప్పటికి నువ్వు ఇచ్చిన తీర్పుకు రెండేళ్లు నిండుతాయి, అప్పీలు లేదు.

నీ పోషణ శక్తి సామాన్యమైనది కాదు. ఎంతమందికి అన్నం పెడుతున్నావో! 2011లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ అధ్యాపకుడు మైఖేల్ లూకా సియాటెల్ హోటళ్ల లెక్కలు తీసి, రివ్యూల సైటు యెల్ప్‌లో ఒక చుక్క పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతోందని తేల్చాడు. ఆ పెరుగుదల సొంతంగా నడిపే హోటళ్లకే కనబడింది, పెద్ద గొలుసు హోటళ్లకు కాదు. జనానికి పేరు తెలియని చిన్నవాడికే నీ అవసరం ఎక్కువ అని దానర్థం. అవసరం ఉన్నచోట అంగడి వెలుస్తుంది. రివ్యూలు రాసిపెట్టేవాళ్లు పుట్టారు, వాళ్లకు పని ఇచ్చేవాళ్లు పుట్టారు, వాళ్లిద్దరినీ ముంచేవాళ్లూ పుట్టారు.

ఇది మన ఊళ్లోనే రుజువైంది. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు ఒక మోసాన్ని బయటపెట్టారు. టెలిగ్రామ్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం అని పిలుపు వస్తుంది. పని పేరు "రేట్ అండ్ రివ్యూ". చుక్కలు పెట్టడం, మెచ్చుకోలు రాయడం. మొదట కొంచెం డబ్బు చేతికి వస్తుంది, నమ్మకం కుదురుతుంది, తర్వాత పెట్టుబడి పెట్టమంటారు. ఫిర్యాదు చేసిన నగరవాసి 28 లక్షల రూపాయలు పోగొట్టుకున్నాడు. దేశమంతటా కలిపి పోయింది 712 కోట్ల రూపాయలని, మోసపోయినవాళ్లు 15 వేల మందికి పైగా అని పోలీసులు చెప్పారు. ఇంట్లో కూర్చుని చుక్కలు పెడితే డబ్బిస్తారంటే అంతమంది ఎందుకు నమ్మారు? అలాంటి పని నిజంగా లోకంలో ఉందని అందరికీ తెలుసు కనక. నువ్వు అమ్మకానికి ఉన్నావని ఊరంతటికీ తెలుసు. తెలిసీ, ఇల్లు బాగుచేయించాలంటే మళ్లీ నీ దగ్గరికే వస్తాం. ఇంతటి భక్తిని ఏ క్షేత్రమూ చూడలేదు.

ఆ భక్తికి కారణం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. గుంటూరు నుంచి, కృష్ణా నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఫ్లాట్లు కొనుక్కున్న మనుషులం. ఊళ్లో అయితే మేస్త్రీ ఎవరో తెలుసు, అతని తండ్రి కట్టిన ఇల్లు ఎవరిదో తెలుసు, దాని గోడ బీట వేసిందో లేదో దారిన పోతూ చూడగలం. పని చెడగొట్టినవాడు మర్నాడు అదే బావి దగ్గర నీళ్లు తోడుకోవాలి. ఇక్కడ ఎదుటి ఫ్లాటు ఆయన పేరు సగంమందికి తెలియదు. బంధువులు లేనిచోట, పరువు భయం లేనిచోట, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో రెండు లక్షల అడ్వాన్స్ పెట్టడానికి ఏదో ఒక పూచీ కావాలి. ఆ ఖాళీలోకి నువ్వు వచ్చావు. ఒంటరివాళ్లకు దిక్కయ్యావు. అందుకే నీ మీద నాకు ఇంత బాధ.

ఎక్కువ బాధ ముసలివాళ్లను చూస్తే. పిల్లలు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. వివేకానంద నగర్‌లో తల్లిదండ్రులిద్దరే ఫ్లాటులో. బాత్రూమ్‌లో కాలు జారకుండా టైల్స్ మార్పించాలి, పట్టుకోవడానికి గోడకు కడ్డీలు బిగించాలి. కొడుకు అక్కడ రాత్రి కూర్చుని నిన్ను చూసి, ఎవరినో కుదిర్చి, సగం డబ్బు ఆన్‌లైన్‌లో పంపేస్తాడు. పాత టైల్స్ పగలగొట్టాక పని ఆగిపోతుంది. ఆ ముసలాయన మోకాళ్ల నొప్పితో పక్కింటి వాళ్ల బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుంది. "ఫైవ్ స్టార్ చూసే కదా నాన్నా పెట్టాను" అని కొడుకు అంటాడు. నిజమే అన్నాడు. నీ పేరు మీద ప్రమాణం చేసినట్టే అన్నాడు.

ఆ కొడుకు ఉంటున్న దేశంలోనే నీ చరిత్ర మొదటి పుట ఉంది. 1995లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో యాంజీ హిక్స్ ఇల్లిల్లూ తిరిగి సభ్యులను చేర్చి, ఎవరి ఇంట్లో ఏ పనివాడు బాగా చేశాడో అడిగి జాబితా పెట్టింది. అది యాంజీస్ లిస్ట్. చదివేవాళ్లు చందా కట్టేవాళ్లు, కాబట్టి జాబితా చదివేవాళ్లకు జవాబుదారీ. 2016లో చందా ఎత్తేశారు. ఎవరైనా ఊరికే చదవచ్చు. మరి డబ్బు ఎవరిస్తారు? కాంట్రాక్టర్లు. మరుసటి ఏడాది ఆ సంస్థ హోమ్‌అడ్వైజర్‌తో కలిసింది. ఆ హోమ్‌అడ్వైజర్ కాంట్రాక్టర్లకు అమ్మే ఖాతాదారుల వివరాల నాణ్యత గురించి తప్పుదోవ పట్టించిందన్న ఆరోపణ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో 72 లక్షల డాలర్ల దాకా చెల్లించేలా ఒప్పించింది. ఇక్కడ మనం రూపాయి ఇవ్వకుండా నిన్ను చూస్తున్నప్పుడు నీకు రూపాయి ఎవరిస్తున్నారో అడిగే అలవాటు మనకు ఇంకా రాలేదు. పై వరసలో "స్పాన్సర్డ్" అని సన్న అక్షరాల్లో ఉంటే, దాన్ని చదవకుండానే వేలు పెడతాం.

నీ మౌనం కూడా స్తుతించదగ్గదే. ఒక్క చుక్క పెట్టి, లీకేజీ ఫోటో అంటించి, ఉన్నదున్నట్టు రాసినావిడకు మర్నాడు ఫోన్ వస్తుంది. "మేడమ్, ఆ రివ్యూ తీసేయండి, తీసేస్తేనే మా వాళ్లను పంపిస్తా." మిగతా పని అతని చేతిలో ఉంది, అడ్వాన్స్ అతని జేబులో ఉంది. తీసేస్తుంది. ఆ చోట చిన్న మచ్చ కూడా మిగలదు. ఎన్ని రివ్యూలు ఇలా బేరంలో పోయాయో నీ పక్కన ఒక అంకె వేస్తే చాలు, కానీ వేయవు.

నిన్ను కట్టడి చేయాలని ఈ దేశం ప్రయత్నించకపోలేదు. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసినవాడు నిజంగా కొన్నవాడేనా తేల్చుకోవాలి, మంచి రివ్యూలనే ఏరి చూపకూడదు, కొని తెచ్చిన రివ్యూలు వేయకూడదు అని అందులో ఉంది. ఇష్టమైనవాళ్లు పాటించవచ్చు అన్న షరతుతో తెచ్చారు. అమెరికా 2024 అక్టోబరు నుంచి, బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి దొంగ రివ్యూలను చట్టంతోనే నిషేధించాయి. ప్లైవుడ్డు మీద ఐఎస్ ముద్ర దొంగగా వేస్తే ఇక్కడ నేరం. నీ మీద ముద్రే లేదు, దొంగతనం ఎక్కడిది?

ఇక నీ చూపు. ఎంత దూరం చూస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ చెప్పాలి. తెల్లవారుజామున మూసాపేట దగ్గర, హౌసింగ్ బోర్డు కాలనీ రోడ్ల మీద కూలీల అడ్డా చూసినవాళ్లకు తెలుస్తుంది. తాపీ, పార, డబ్బా బ్రష్ పట్టుకుని నిలబడే ఆ మనుషుల్లో పాలమూరు నుంచి వచ్చినవాళ్లున్నారు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లున్నారు, బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లున్నారు. నీళ్లు నింపి చూద్దాం సార్ అనే మేస్త్రీ ఈ గుంపులోనే ఉంటాడు. అతనికి మ్యాప్స్‌లో పేజీ లేదు, ఆఫీసు లేదు, ఫోటోలు తీసే కుర్రాడు లేడు. అతను పూసిన లప్పానికి, పరిచిన టైలుకు పడిన చుక్క వేరే పేరు మీదికి పోతుంది. పని చెడితే మాత్రం అతని కూలీలోంచి కోస్తారు. నువ్వు నేరుగా పనివాడి మీద పడ్డచోటా అతనికి మేలు జరగలేదు. 2023లో ఇంటి సేవల యాప్ అర్బన్ కంపెనీ ద్వారా పనిచేసే మహిళలు, సంస్థ తమ ఐడీలు ఆపేసిందని కొన్ని నగరాల్లో రోడ్డెక్కారు. రేటింగ్ తగ్గడం అందుకు చూపిన కారణాల్లో ఒకటి. ఒకచోట అందరికీ ఐదు, ఇంకోచోట నాలుగున్నర వచ్చినా బతుకు పోతుంది. రెండుచోట్లా నువ్వే, రెండుచోట్లా పని ఎలా ఉందో నీకు తెలియదు.

స్తవం చివర వరం అడగడం ఆచారం. నిన్ను నేను అడగను, నీ కింద అక్షరాలు రాసే మనుషులను అడుగుతాను. ఎందుకంటే నీ కింద మంచి అక్షరాలు ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి. "ఎక్సలెంట్ వర్క్, వెరీ ప్రొఫెషనల్" అన్న వరస దాటి కిందికి పోవాలి. మూడు చుక్కల దగ్గర ఆగాలి. ఏ కాలనీ, ఏ పని, ఏ నెలలో, కొటేషన్ ఎంత, చివరికి ఎంతయింది, ఏది ఆలస్యమయింది, పిలిస్తే మళ్లీ వచ్చాడా లేదా అని రాసినావిడ అక్కడ ఉంటుంది. జూలై నుంచి అక్టోబరు దాకా రాసినవి వేరుగా చదవాలి, వానాకాలంలో రాసినవాళ్లకు మొహమాటం ఉండదు. ఒకే వారంలో ఇరవై మెచ్చుకోళ్లు పడితే, రాసినవాళ్ల పేర్లు నొక్కి వాళ్లు ఇంకేం రాశారో చూడాలి. అదే రోజు లక్నోలో పళ్ల డాక్టరును, కొచ్చిలో కారు షెడ్డును మెచ్చుకున్న మనిషి ప్రగతినగర్‌లో బాత్రూమ్ కట్టించుకుని ఉండడు. తర్వాత ఫోను పక్కన పెట్టి, రెండేళ్ల కింద చేసిన ఇల్లు చూపించమని అడగాలి. చూపించేవాడు చూపిస్తాడు. డబ్బు పని నడిచేకొద్దీ ఇవ్వాలి, కొంత వాన పడేదాకా ఆపుకోవాలి, ఆ మాట కాగితం మీద ముందే రాయించాలి. అంతా అయ్యాక కూడా మోసపోతే ఇంటి నిర్మాణం సేవ కిందికే వస్తుందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లు రివ్యూ తీసేయించే బేరాల్లో కరిగిపోకుండా చూసుకోవాలి.

మా వీధిలో ఒకావిడ డాబా పని చేయించి, ఆ వేసవిలో ఏమీ రాయలేదు. రెండు వానాకాలాలు చూసింది. అప్పుడు రాసింది, మూడు చుక్కలు పెట్టి: పని పది రోజులు ఆలస్యమైంది, పారపెట్ గోడ మూల దగ్గర మొదటి ఏడాది చెమ్మ వచ్చింది, మేస్త్రీ పైసా అడగకుండా వచ్చి బాగుచేశాడు, రెండో ఏడాది స్లాబు పొడిగా ఉంది. ఆ మూడు చుక్కలు చదివి పక్క ఇళ్లవాళ్లు ఆ మేస్త్రీనే పిలిచారు.